నాలుగో లేన్ గారి పొద్దుటి పందేలు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూన్ పదమూడో తేదీ, సోమవారం ఉదయం, తల ఇంకా తడి ఆరని ఒక పొడగరి యువకుడు మన టోకు సరుకుల సంస్థ కార్యాలయంలో అడుగుపెట్టి, సంస్థ ఈత జట్టు కోసం తీసుకున్న గుమాస్తాగా చేరినట్టు సంతకం చేశారు. మెడలో తువ్వాలు తీయడం మరిచిపోయారు. అది చూసిన అప్పటి మేనేజరు గారు, "బాబూ, ఇక్కడ ఈదడానికి నీళ్ళు లేవు. బస్తాలే ఉన్నాయి" అన్నారట. ఆ బస్తాల మధ్య ముప్పై ఏడేళ్ళు మునిగిపోకుండా నెగ్గుకొచ్చిన పెద్దమనిషే ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన రవాణా విభాగాధిపతి. గేటు మొదలు పై అంతస్తు దాకా ఆయనను అందరూ పిలిచే పేరు 'నాలుగో లేన్ గారు'.

సరుకు కొని అమ్మేవాళ్ళం కనుక ఏ మనిషి జీవితాన్నయినా వచ్చిందేమిటి, పోయిందేమిటి అని తూచి చూడడం మనకు అలవాటు. ఈయన జీవితాన్ని అలా తూస్తే తొలి భాగంలో పోయినదే బరువు తూగుతుంది. అభినందన వ్యాసం కదా అని ఆ మాట కప్పిపుచ్చడం ఆయనకు గౌరవం అనిపించుకోదు. కల్తీ సరుకును ఆయన ఏనాడూ లారీ ఎక్కనివ్వలేదు.

ఆయన ఈదింది నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టైల్. పెద్ద పోటీల్లో ఈ పందెం ఒకే రోజు రెండుసార్లు జరుగుతుంది. ఉదయం వడపోత, దాన్ని హీట్స్ అంటారు. అందులో ముందు నిలిచిన ఎనిమిది మంది సాయంత్రం ఫైనల్లో ఈదుతారు. పతకాలూ, జట్టు ఎంపికలూ అన్నీ సాయంత్రం లెక్కే. ఉదయం అందరికన్నా వేగంగా ఈదినవారికి ఫైనల్లో దక్కేది కొలను మధ్యనున్న నాలుగో లేన్ మాత్రమే. తెలివైన ఈతగాడు ఉదయం తనకు కావలసినంతే ఈది, మిగతా బలాన్ని సాయంత్రానికి దాచుకుంటాడు. ఈయన దాచుకోలేదు. ఏ పోటీ చూసినా ఉదయం మొదటివారు, సాయంత్రం నాలుగో లేన్‌లో నిలబడి ఏ నాలుగోవారో, ఐదోవారో. మనం ఘనంగా పిలుచుకునే ఆ పేరు వెనుక ఉన్న సంగతి ఇదీ.

దానికి కారణం ఆయన తండ్రి గారు. ఆయన ఒక మిల్లు గేటు దగ్గర రాత్రి కాపలాదారు. సాయంత్రం దీపాలు పెట్టకముందే డ్యూటీకి వెళ్ళి, తెల్లవారాక దిగేవారు. కొడుకు పోటీ ఉన్నరోజు ఇంటికి వెళ్ళకుండా, యూనిఫాంలోనే, ఎర్రబడ్డ కళ్ళతో తిన్నగా ఈతకొలనుకు వచ్చి మెట్ల మీద పై వరుసలో కూర్చునేవారు. ఆయన చూడగలిగింది హీట్స్ మాత్రమే. పక్కన ఎవరు కూర్చుంటే వారితో, "ఆ ముందున్నవాడు మావాడేనండీ" అనేవారు. కొడుకు ప్రతిసారీ ముందే ఉండేవారు. సాయంత్రం సంగతి అడిగితే, "అది ఊరికే ఇంకోసారి ఈదిస్తారు నాన్నా, ఫొటోలకి" అని దాటవేసేవారు. తండ్రి గారు నమ్మారు. కన్నకొడుకు మొదట రావడం కళ్ళారా చూశాక ఇంకేం అడుగుతారు?

జట్టు కోచ్ మాత్రం ఊరుకోలేదు.

"ఎనిమిది మందిలో ఒకడివైతే చాలు కదరా పొద్దున్న. ఉన్నదంతా ఊడ్చిపెట్టడం దేనికి?"

"మా నాన్న చూస్తున్నారు సార్."

"చూడనీ. పొద్దున్నే కొట్టు ఖాళీ చేసుకుని సాయంత్రం వచ్చిన బేరానికి చేతులూపుతావా?"

"రేపట్నుంచి తగ్గిస్తాను సార్."

"ఈ రేపు నాకు మూడేళ్ళుగా తెలుసు."

తొంభై ఒకటో సంవత్సరంలో జాతీయ జట్టు ఎంపిక పోటీలు వచ్చాయి. ఆ ఫైనల్లో మొదటి ఇద్దరినే తీసుకుంటారు. ఈయనకు అప్పటికి ఇరవై ఆరు. వెనక నుంచి కుర్రవాళ్ళు తోసుకొస్తున్నారు, మళ్ళీ ఇలాంటి అవకాశం రాదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. కోచ్ ఒక ఎత్తు వేశారు. తండ్రి చూస్తేనే ఈదే మనిషి కనుక తండ్రినే సాయంత్రానికి రప్పిస్తే సరిపోతుందనుకుని, ఈయనకు తెలియకుండా మిల్లు గేటు దగ్గరకు వెళ్ళి తండ్రి గారితో మాట్లాడారు. "పొద్దున్న రాకండి, సాయంత్రం రండి. మీవాడికి ముందే చెప్పకండి, కంగారు పడతాడు" అన్నారు. తండ్రి గారు తోటి కాపలాదారును బతిమాలి డ్యూటీ మార్చుకున్నారు.

ఎత్తు బాగానే ఉంది, కానీ తండ్రి మనసు ఆ ఎత్తులో లేదు. ఇన్నేళ్ళుగా పొద్దుటి పందెం ఒక్కటీ వదలని మనిషి ఆ ఒక్క ఉదయం ఇంట్లో ఎలా కూర్చుంటారు? డ్యూటీ దిగి, అలవాటు ప్రకారం ఆ ఉదయం కూడా వచ్చి పై వరుసలో కూర్చున్నారు. కొడుకు తలెత్తి చూశారు. అంతే. ఆ ఉదయం ఆయన ఈదిన ఈత గురించి కొలను దగ్గర పనిచేసేవారు చాలాకాలం చెప్పుకున్నారు. పక్క లేన్లవాళ్ళు ఇంకా పది బారల దూరంలో ఉండగానే ఈయన గోడ పట్టుకుని ఉన్నారట.

సాయంత్రం పేర్లు పిలుస్తున్నప్పుడు కోచ్ ఆయన భుజం తట్టి, "అదుగో, అటు చూడు" అన్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, తండ్రి గారు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి కనబడకూడదనుకున్నారో వారే ఎదురుగా కూర్చున్నారు. పోనీ పంతం పట్టి ఈదుదామంటే, ఒంట్లో ఉన్నదంతా ఆ ఉదయమే ఖర్చయిపోయింది. సగం దూరం వరకు ముందున్నారు. తర్వాత చేతులు తడిసిన గోనెసంచుల్లా బరువెక్కాయి. ఒకరు దాటారు, ఇద్దరు దాటారు. ఆరోవారిగా గోడ తాకారు.

తండ్రి గారు బయట గుమ్మం దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు.

"కాలు గానీ పట్టేసిందేంట్రా?"

"లేదు నాన్నా."

"మరి?"

"సాయంత్రాలు ఇంతే నాన్నా. ఎప్పుడూ ఇంతే."

తండ్రి గారు తువ్వాలు మడత పెట్టారు, మళ్ళీ విప్పారు.

"అయితే పొద్దున్న అంత పరుగు నా కోసమా?"

కొడుకు తల వంచుకున్నారు.

"పిచ్చి సన్నాసీ, నువ్వు ఆఖర్న వచ్చినా నేను చూసేవాణ్ణే కదరా. నీకెవరు చెప్పారు నేను మొదటివాణ్ణి చూడ్డానికొస్తున్నానని?"

ఆ తర్వాత తండ్రి గారు మళ్ళీ ఈతకొలనుకు రాలేదు. రమ్మని కొడుకు అడిగినా, "నేనొస్తే నీకు నష్టం" అని నవ్వేసేవారు. ఎవరూ చూడని ఉదయాల్లో బలం దాచుకోవడం ఈయన చివరికి నేర్చుకున్నారు. రెండేళ్ళకు అన్ని సంస్థలూ పాల్గొనే పోటీల్లో సాయంత్రం ఫైనల్ గెలిచారు. మన సంస్థకు ఆ పందెంలో వచ్చిన ఏకైక బంగారు పతకం అదే. ఆ సమయానికి తండ్రి గారు మిల్లు గేటు దగ్గర కాపలా కాస్తున్నారు. మర్నాడు పతకం చేతిలో పెడితే, నిద్ర ముంచుకొస్తున్న కళ్ళతో, "మంచిది నాన్నా, మంచిది" అని పక్కమీద వాలారు. జాతీయ జట్టు నుంచి పిలుపు రాలేదు. మరో ఏడాదికి కుడి భుజం మొరాయించింది, పోటీలకు స్వస్తి చెప్పారు.

తొంభై ఐదులో ఆయన రవాణా విభాగానికి మారారు. అక్కడ ఆయన తెచ్చిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అంతకుముందు పొద్దున వచ్చిన లారీలకే హమాలీలందరినీ పెట్టడంతో, సాయంత్రపు లారీల వేళకు అందరూ నడుములు పట్టుకుని కూలబడేవారు. ఈయన కొందరిని మధ్యాహ్నం నుంచే పనిలోకి రమ్మన్నారు. "పొద్దున్న మన జోరు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళుంటారు, చివరి లారీ దగ్గర ఎవరూ ఉండరు. కానీ ఆ లారీ సరుకూ చేరాల్సిందే" అనేవారు. "అయ్యగారు మళ్ళీ ఈతలోకి దిగారు" అని హమాలీలు నవ్వుకునేవారు. కానీ సాయంత్రపు సరుకు ఆగిపోయిందన్న ఫిర్యాదు ఆ తర్వాత అరుదైంది. విభాగాధిపతి అయ్యాక పిల్లల ఆటలకో, పరీక్షలకో వెళ్ళాలని డ్యూటీ మార్పు అడిగినవారిని ఆయన కాదనలేదు. ఒక్క షరతు పెట్టేవారు: "వస్తున్నానని పిల్లలకి ముందే చెప్పు. చెప్పకుండా వెళ్ళకు."

తండ్రి గారు కిందటేడు కాలం చేశారు. చివరి రెండేళ్ళలో ఆయనకు జ్ఞాపకం చెదిరింది. పలకరించడానికి వెళ్ళిన మనవాళ్ళందరికీ ఒకే మాట చెప్పేవారు: "మావాడు ఈతలో ఎప్పుడూ మొదటేనండీ." ఓడిన సాయంత్రం ఆయన మనసులోంచి చెరిగిపోయింది, దాంతోపాటు గెలిచిన సాయంత్రమూ పోయింది. పొద్దుటి పందేలు మాత్రం మిగిలాయి. నాలుగో లేన్ గారు ఆ మంచం పక్కన కూర్చుని, "అవును నాన్నా" అనేవారు. పతకం తెచ్చి చూపిద్దామని ఒకసారి అనుకున్నారట. చూపిస్తే అది ఏమిటో వివరించాలి, వివరిస్తే ఓడిన సంగతీ చెప్పాలి. అందుకని తేలేదు. ఆ మాట మనతో చెప్పి, సరుకు దిగుతోందంటూ లేచి వెళ్ళిపోయారు.

ఇంత నష్టాన్ని మోస్తూ కూడా మన సంస్థకు ముప్పై ఏడేళ్ళు లాభమే చేసిపెట్టిన ఈ మనిషికి శాలువా కప్పడం చిన్న మాట. భుజం నొప్పి నెపం చెప్పి నీళ్ళలో దిగడం ఆయన ఎప్పుడో మానేశారు. భుజం ఎప్పుడో కుదుటపడిందని ఆయన శ్రీమతి గారు అంటారు. ఆ దంపతులకు నిండు ఆరోగ్యం, నిశ్చింత, నూరేళ్ళ ఆయుష్షు కలగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం. ఆ నూరేళ్ళలో ఏదో ఒక సాయంత్రం, పక్క లేన్లలో ఎవరూ లేనప్పుడు, గోడ ఎప్పుడు తాకామన్న పట్టింపు లేకుండా, తన కోసమే ఆయన ఒకసారి ఈదాలని కూడా.