సముద్రం వదిలేసిన దిబ్బ

ఆ కెమెరా లోపల పెట్టేయండి మేష్టారూ, మీకు పుణ్యముంటుంది! ట్రాక్టర్ల మీద ఉన్నవాళ్ళంతా మా బావగారి మనుషులు. చూస్తే నా గతేంటి? ఇలా పాకలోకి రండి. ఆయ్, గేదె ఏమీ అనదండి.

ఇదంతా మీవల్లే వచ్చిందండీ. కోపం తెచ్చుకోకండి, భయంకొద్దీ అంటున్నాను. యూనివర్సిటీ నుంచి వచ్చేరు, పంచాయతీ దగ్గర అందర్నీ కూచోబెట్టేరు. ఈ ఇసుక దిబ్బ ఒకప్పటి సముద్రపొడ్డు, సముద్రం వెనక్కెళ్తూ ఎన్నో వందల ఏళ్ళ కిందట వదిలేసింది, కాపాడుకుంటే చూడ్డానికి జనం వస్తారు, బోర్డు పెడదాం అన్నారా? మావాళ్ళకి అర్థమైంది ఒక్కటే. గవర్నమెంటు లాక్కుంటుందని!

"దిబ్బే లేకపోతే బోర్డెక్కడ పెడతారు?" అన్నారు మా బావగారు భీమరాజుగారు. మర్నాడు తెల్లారేసరికి ట్రాక్టర్లు దిగేయి. ఊళ్ళో ఇళ్ళస్థలాలన్నీ ఆ ఇసకతోనే మెరక చేస్తున్నారు.

తొంభయ్యారు తుఫాను మీరు పేపర్లో చదివుంటారు. నాకు ఆ నీళ్ళ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉందండి. మా ఆయన మమ్మల్నందర్నీ ఆ దిబ్బెక్కించేరు. కాలు విరిగి మంచంలో ఉన్న వాళ్ళన్నయ్యని భుజానేసుకుని తెచ్చేరు. మళ్ళీ వాళ్ళమ్మ కోసం దిగేరు. అంతే, ఇద్దరూ రాలేదు.

ఆ అన్నయ్యేనండి ఇప్పుడు తవ్విస్తున్నది!

నేను చెప్పలేదా అంటారా? తమ్ముడి పెళ్ళాన్ని, బావగారి ఎదటికొచ్చి మాట్లాడతానా? గేదెకి గడ్డేస్తూ, దాంతో అన్నట్టే పైకి అన్నాను, "మళ్ళీ ఉప్పెనొస్తే ఎక్కడికెక్కుతామే తల్లీ?" అని. అరుగు మీద కూచుని ఆయన మా తోటికోడలితో అన్నారు, "ఆ గేదె ఈమధ్య మరీ అరుస్తోంది. సంతకి తోలేద్దాం." నేనూ మా మనవరాలు శ్రీనిధీ ఉంటున్నది ఆయన చూరు కిందేగా?

మబ్బు పడితే చాలు, పిల్ల చెయ్యి పట్టుకుని దిబ్బకేసి చూస్తాను. రోజురోజుకీ తరిగిపోతోంది. ఇంకొన్నాళ్ళకి మా మోకాళ్ళెత్తుంటుందేమో.

ఏమిటీ? రేపు ఎమ్మార్వోగారొస్తే ఇదంతా చెప్పాలా? నేనా?

సముద్రమంటే నాకు హడలేనండి. కానీ అది ఎప్పుడో వస్తుంది. మా బావగారు ఇంకాసేపట్లో భోజనానికొస్తారు.

అడిగితే తవ్వకం చూళ్ళేదనే చెబుతాను మేష్టారూ. మీరెవరో కూడా తెలీదంటాను. ఈ వెనకదారిన వెళ్ళిపోండి.