మంద పండిన జాగా

రోడ్డు వెడల్పు కొలిచిన్రు. బోరు నడిపిచ్చి, నీళ్లు దోసిట్ల పట్టి, నోట్లె పోసుకొని పుక్కిలిచ్చి చూసిన్రు. లేపిన పిల్లర్లను వేలితోని కొట్టి చూసిన్రు. అన్ని బాగనే ఉన్నయని మీ నోటితోనే అంటిరి గద సారు. మళ్ల గా మూలకున్న ఎర్రమొరం మీదనే మీ చూపెందుకు ఆగుతాంది?

మొరం సారు అది, మొరం. మొన్ననే పోయించిన. నా పట్టా జాగను నేను సదును చేసుకుంటే గది సుత మీ రిపోర్టుల రాస్తరా?

కూసోండ్రి. నీడకు కుర్చీ ఏపిచ్చిన గద. కారుకేం గాలేదు, ముంగట జేసీబీ అడ్డమున్నది, అంతే. డ్రైవరు తినపోయిండు. తాళమా? తాళం నా జేబుల్నే ఉన్నది. గని నాకు నడపరాదు.

ఈ కట్టు చూసి పరేషాన్ గాకుండ్రి. గొడ్డలి తగిలింది. చిటికెన వేలు పోయింది. మిగిలిన వేళ్లతోని సంతకం పెడితే చెల్లుతదా అని మీ మేనేజర్ సారుకు ఫోన్ చేసి అడిగిన. చెల్లుతదన్నడు.

చాయ్ తాగుండ్రి. చల్లగైతాంది.

ఈ లోను కోసం తిరిగి తిరిగి నేనొక సంగతి నేర్చుకున్న సారు. అప్పిచ్చేటోళ్ల కన్ను ఊరికొక తీర్గ ఉంటది. పోచంపల్లిల దుకాణాల బిల్డింగు కడతమంటే, చీరెలు కొనేటోళ్ల కార్లు ఆగెతందుకు జాగ ఉన్నదా, బస్సు ఏడ ఆగుతది అని చూస్తరు. మర్రిగూడ దిక్కైతే ముందుగాల నీళ్ల సంగతే. గా ఫ్లోరైడ్ నీళ్లతోని హోటలెవడు నడుపుతడు, కిరాయికెవడొస్తడు అని. మా రామన్నపేట దిక్కు రోడ్డుకు కొదువ లేదు, నీళ్లు నోట్లె పోసుకునే తీర్గ ఉన్నయి, మీరే చూసిన్రు. కింది షట్టర్లకు మందుల షాపాయన, ఎరువుల దుకాణపాయన ఇప్పుడే కిరాయి కాయిదాలు రాసిచ్చిన్రు. మరి గిక్కడ మీరడిగేదేంది? అన్నదమ్ములెందరు. మాట్లాడుకుంటరా. జాగ ఎవని కబ్జాల ఉన్నది.

పట్నంల బిల్డింగును చూసి అప్పిస్తరట. మా దిక్కు అన్నదమ్ములను చూసి ఇస్తరు.

తప్పని నేననను. కూసున్నా, నిలబడ్డా గదే ఆలోచించిన. ఒక్కోపారి మీదే సరి అనిపిస్తది. గోడ కూలితే మళ్ల కట్టొచ్చు.

మీకన్న ముందు ఇంకొకాయన వచ్చిండు. తెల్ల టోపీ పెట్టుకొని, మంచిగ మాట్లాడుకుంట. ఆయన సుత గా మూలకే చూసిండు. గప్పుడు ఆడ మొరం లేదు. తుమ్మకంప దొడ్డి ఉన్నది, దొడ్లె మా అన్న ఐలేశం గొర్లున్నయి. ఆయన అన్నీ కొలిచి, అన్నీ మెచ్చుకొని, ఆఖరుకు ఒక్క ముక్క రాసిండు. 'స్థలం ఇతరుల ఆధీనంలో ఉన్నది.' ఫైలు వాపసొచ్చింది.

ఇతరులట. ఒక్క అవ్వ కడుపున పుట్టినోన్ని పట్టుకొని ఇతరులని రాసిండు. నాకు నవ్వొచ్చింది సారు. తర్వాత ఆలోచిస్తే, నేను సుత గట్లనే అనుకుంటున్న గద అనిపిచ్చింది. ఆయన రాసిండు, నేను రాయలే. గంతే తేడా.

మీకు సమజ్ కావాలంటే మొదటికెళ్లి చెప్పాలె. టైము లేదంటరా? డ్రైవరు రానియ్యండ్రి.

మాది గొర్లు కాసే ఇల్లు. రైతుల చేన్లల్ల మంద పెట్టుడు మా బతుకు. గొర్లు పండుకున్న చోట పెంట పడతది, భూమికి బలమొస్తది, రైతు గింజలు కొలుస్తడు. మంద ఏడ పండుకుంటదో మా బాపు గోపయ్యకు గదే లెక్క. కాయిదం మీద నమ్మకం లేదు, గొలుసు పట్టి కొలిచేటోళ్ల మీద అసలే లేదు. మాకు పాలు పంచేనాడు పొద్దుగూకంగ మందను తోలుకొచ్చి ఈ భూమిల ఇడిసిండు. మా ఇద్దరిని ఎనుకకు నిలబెట్టిండు. నాలిక అంగిట్లకు ఆనిచ్చి పండుకునే పిలుపు పిలిచిండు.

గొర్లు అటు తిరిగి ఇటు తిరిగి, ఈ మెరక మీద, రోడ్డు పొంటి, ఈ రాళ్లల్లనే మోకాళ్లు వంచినయి. నీళ్లు నిలువయి, గాలి తగులుతది, అందుకని. "మంద పండిన జాగ పెద్దోనిది, మంద సుత ఆనిదే. మిగిలింది చిన్నోనిది" అన్నడు బాపు. మిగిలిందంటే ఎనుకకున్న నల్లరేగడి.

నేను లోపల లోపల నవ్వుకున్న. అన్నకు రాళ్లు, నాకు రేగడి. అన్న బయటికే నవ్విండు. "పరమేషూ, నీకు పత్తి, నాకు పెంట" అన్నడు. లొల్లి లేదు, పెద్దమనుషులు లేరు. గట్ల నవ్వుకుంటనే పంచుకున్నం.

తెలంగాణ వచ్చింది. రోడ్డు వెడల్పైంది. లారీలు పెరిగినయి, పెట్రోలు బంకు పడ్డది. ఎవ్వరు ముట్టని రాళ్లకు రేటొచ్చింది, రేగడి రేగడిలెక్కనే ఉండిపోయింది. కొత్త పాసుబుక్కులకు పేర్లు రాసుకునేనాడు అన్న ఊళ్లె లేడు. ఎండకాలం మేతకు మందను తోలుకొని కాలువల కిందికి పోయిండు. పోయేముందు "నా పేరు సుత రాయించు తమ్మీ" అని చెప్పిండు.

రాయించిన. నా పేరు.

గట్ల చూడకుండ్రి సారు. కాయిదాలు చూసి మీరే సాఫుగున్నయన్నరు. సాఫుగనే ఉన్నయి.

రేగడి అమ్మితేనే ఈ పిల్లర్లు లేసినయి సారు. గా పైన ఇనుప చువ్వలు మొగులు దిక్కు చూసుకుంట తుప్పు పడుతున్నయి. ఇయ్యాల నాకున్నది ఈ జాగనే, అన్నకున్నది ఈ జాగనే. లోను రాకుంటే నేను రోడ్డు మీద పడ్త, వస్తే అన్న పడ్తడు. నడుమ తొవ్వేమన్న ఉన్నదేమో అని మస్తు ఎతికిన. ఎతకలేదని అనకుండ్రి.

"అన్నా, దొడ్డి జర ఎనుకకు జరుపుకో" అన్న. "ఎనుక జాగ ఎవనిది?" అన్నడు. అమ్మింది నేనే గద.

"సరే, ఒక షట్టరు నీకే ఇస్త" అన్న. "ఇచ్చి? గొర్లను లోపల కూసోబెట్టి షట్టరు గుంజాల్నా? గల్లా కాడ పొట్టేలు కూసుంటదా?" అన్నడు. మా వదిన గోపమ్మ పక్కన మక్కలు ఒలుచుకుంట కిసుక్కున నవ్వింది. అన్న మాటకు నాకేం గాలే సారు. గా నవ్వు. ఇంటికి పోయినా, పండుకున్నా, గా నవ్వే చెవులల్ల మోగింది.

మొన్న పొద్దుగాల, మంద మేతకు పోయినంక, జేసీబీని తెచ్చిన.

దొడ్లె గంపలు బోర్లేసి ఉన్నయి. వరుసగ. ఒక్కోదాని మీద ఒక రాయి. ఆనాటి డ్రైవరు వేరే దిక్కు మనిషి, మన పని తెల్వనోడు. ఉత్త గంపలేనా అని చెయ్యితోని అడిగిండు.

మీకు సుత తెల్వది. చెప్త. గొర్లు మేతకు పోయేటప్పుడు కొత్తగ ఈనిన పిల్లలను ఎంట తోలరు. నడవలేవు, నక్కలెత్తుకపోతయి. గంపల కింద కమ్మి, గంప పడకుంట పైన రాయి పెట్టి పోతరు. పొద్దుగూకంగ తల్లులు పొదుగులు నింపుకొని వస్తయి. వచ్చి ఏ తల్లి గా తల్లి దాని గంప కాడనే నిలబడతది. తప్పుడు గంప కాడ ఎన్నడు నిలబడది. నా చిన్నతనమంత గా గంపలు లేపుడే నా పని.

డ్రైవరుకు తెల్వది. నాకు తెలుసు.

నేను చెయ్యి ఊపిన. పోనియ్ అన్న.

ఇంజను సప్పుడుల ఏది ఇనరాదనుకున్న. ఇనొచ్చింది. గంప పుల్లలు ఇరిగిన సప్పుడు, దాని లోపటికెళ్లి సన్నగ ఇంకొకటి, పసిపిల్ల ఏడ్చిన తీర్గ. డ్రైవరు ఇంజను బందు పెట్టి కిందికి దుంకిండు. బకెట్ ఇనుప పండ్ల దిక్కు చూసిండు. ఆడనే కక్కుకున్నడు. నన్ను చూసి ఆయన భాషల ఏదో తిట్టిండు. "కానియ్, లారీ నిలబడ్డది" అన్న. మొరం లారీ నిలబడే ఉన్నది సారు, రోడ్డు మీద.

అన్న గుట్ట మీదికెళ్లి చూసిండు. ఈ వయసుల గట్ల ఉరుకుతడని నేననుకోలే. గొంగడి ఏడనో పడిపోయింది. చేతుల కొమ్మలు కొట్టే గొడ్డలి. నన్ను నరకనీకొస్తున్నడనుకున్న. రాలే. నన్ను దాటి, బకెట్ కిందికి దూరి, గొడ్డలి పక్కకు పెట్టి చేతులతోని మట్టి తోడుతున్నడు. నేను లేనట్టే. నేను మనిషినే గానట్టు. నేనే పోయి భుజం పట్టి గుంజిన.

గప్పుడేసిండు. వేలు మట్టిల పడ్డది. నొప్పి లేకుండె, వేడిగ ఉండె, గంతే.

నాకు కట్టె దొరకలే. గంప మీద పెట్టిన రాయి దొరికింది.

ఒక్క దెబ్బకే పడ్డడు. పడ్డోన్ని సుత కొట్టిన. నెత్తి మీద, మూతి మీద. ఎందుకు కొట్టిన్నో అప్పటిసంది ఆలోచిస్తున్న. మొదటి దెబ్బ లోను కోసమే అనుకుందాం. పడ్డంక ఏసిన దెబ్బలకు మీ బ్యాంకుతోని సంబంధం లేదు సారు. గవి పాతయి. బాపు పిలిచిననాడు మంద అటే ఎందుకు పండుకున్నది అని, గప్పటియేమో.

నల్లగొండ దవాఖానల ఉన్నడు. ఊపిరున్నది, మాట లేదు. పెద్దమనుషులు ఆయనకు తెలివొచ్చినంక కూసుందమన్నరు. నేను పండ్లు పట్టుకపోయిన. వదిన మంచం పక్కన గోడకు ఆనుకొని ఉన్నది. నా చేతుల బుట్ట చూసి ఒక్కటే మాట అన్నది. "పండ్లేనా మరిదీ, కింద ఇంకేమన్న కమ్మి తెచ్చినవా?"

మళ్ల పోలే.

ఇప్పుడు చెప్పుండ్రి, జాగ ఎవని కబ్జాల ఉన్నది? ఎవ్వరు లేరు. సదునుగ, ఎర్రగ, ఖాళీగ ఉన్నది. మీ ఫోన్ల ఫోటో తీస్తే జాగ పేరు, టైము పడ్తదట గద. తియ్యండ్రి. పొద్దుగూకకముందే తియ్యండ్రి, నా మాట ఇనుండ్రి.

ఎందుకంటరా.

అగో. ఇనొస్తాందా?

మందను ఇప్పుడు వదిన తమ్ముడు ఎల్లేష్ మేపుతున్నడు. రాత్రికి ఆయన చెలకల్నే ఉంచుతున్నడు. గని పొద్దు వాలంగనే తల్లులు తెంపుకొని ఉరుకుతయి, వాటెంట మందంత వస్తది. నిన్న వచ్చినయి, ఇయ్యాల సుత వచ్చినయి. ఎల్లేష్ అడ్డం పోతలేడు. చూడుండ్రి, గా గట్టు మీద కట్టెకు గదుమ ఆనిచ్చి ఎట్ల నిలబడ్డడో. ఇడిసిపెడ్తడు, చూస్తడు.

కాళ్లు దగ్గరికి తీసుకోండ్రి. మిమ్మల్నేమనయి. మొరం కాడికి పోతయి. ఎవలెవలి గంప ఏడుండెనో గాడనే నిలబడతయి. ముందటి గిట్టలతోని గీకుతయి. గా తడి వాన గాదు సారు, పాలు. తాగేటోళ్లు లేక కారుతున్నయి.

ఫోను దించుండ్రి. ఇప్పుడు గాదు, నేను ఎల్లగొట్టినంక. దించుండ్రి అంటున్న సారు. దించు. నీ చెయ్యి ఇరగాల్నా?

గట్ల. కూసో.

హే, పో. హే. పో అంటున్న. చూసిన్రా, రాయి తగిలినా జరుగుతలేవు. దెబ్బ తినుకుంటనే గీకుతున్నయి. ఆగుండ్రి, పిలుపుకైతే ఇంటయి. పుట్టుడు పుట్టుడే నేర్చుకున్న పిలుపు, ఏడికి పోతది. పిలిచి రోడ్డు దాటిచ్చొస్త.

ట్ర్ర్ర్... ఓ... ఓ... ట్ర్ర్ర్...

తలలెత్తినయి. బాపు గొంతు, అన్న గొంతు, నా గొంతు ఒక్కతీర్గనే ఉంటయంటరు. వాటికి తేడా తెల్వది.

ట్ర్ర్ర్... ఓ...

ఏంది. గిదేంది.

నేను పిలిచింది తోలుకపోయే పిలుపు గాదు సారు. మందను తోలేది అన్ననే. నేను చిన్నోన్ని, గంపలు లేపేటోన్ని, దొడ్లె ఉండేటోన్ని. నాకు బాపు నేర్పింది పండబెట్టే పిలుపు ఒక్కటే. నోటికి గదే వచ్చింది.

మోకాళ్లు వంచుతున్నయి. ఒకదానెనుక ఒకటి. మొరం మీద, పిల్లర్ల నడుమ, మీ కుర్చీ సుట్టు, మీ కారు నీడకు. పాలు పంచిననాడు ఏడేడ పండినయో గాడగాడనే. ఇంక లేవయి. తెల్లారేదాక ఎవ్వరు లేపినా లేవయి.

ఇగో తాళం. డ్రైవరును పిలుస్త. జేసీబీ పక్కకు జరుగుతది గని, పండిన మంద నడుమకెళ్లి మీ కారెట్ల పోతదో నాకు తెల్వది.

ఫోను ఎత్తుండ్రి సారు. ఇప్పుడు తియ్యండ్రి. నన్ను సుత పడనియ్యండ్రి అండ్ల. జాగ ఎవని కబ్జాల ఉన్నదో, మీ కండ్లకు కనిపిచ్చినట్టే రాయండ్రి. ఇతరులని మాత్రం రాయకుండ్రి.