ఇంకొకడు

ఊరి మొదట్లో బస్టాపు. నిచ్చెన మీద బోర్డులు రాసే పెయింటరు, కింద ఒక ముసలావిడ.

"దిగు నాయనా, ముందు కిందికి దిగు."

"సగం చెరిపేశాను పెద్దమ్మా, ఇప్పుడెలా దిగను?"

"ఎవర్నడిగి చెరుపుతున్నావు?"

"నన్ను కాదు, గని ఆఫీసువాళ్ళనడగండి. గని మళ్ళీ తెరుస్తున్నారుగా, ఊరికి మంచి పేరు రాయమన్నారు. అయినా 'ఇంకొకడు' ఏంటండీ? ఊరికి పెట్టే పేరేనా అది? నవ్వలేక చచ్చాను."

"నవ్వు, నవ్వు. అందరూ నవ్వేవాళ్ళే. ఆ ఇంకొకడు మా ఆయన."

"అయ్యో, తెలీక అన్నాను..."

"గనిలోకి దిగేముందు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు గుమ్మం దగ్గర మేకుకి తగిలించేవాళ్ళు. పైకొచ్చాక తీసుకునేవాళ్ళు. మేకుకి బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు."

"మంచి పద్ధతే."

"మంచిదే, మతిమరుపు లేనివాళ్ళకి. మా ఆయన బిళ్ళ మేకుకే వదిలేసి తిన్నగా ఇంటికొచ్చేసేవాడు. నేనే తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చేదాన్ని. ఊరంతటికీ అదో నవ్వులాట. గని కూలిన రోజు అందర్నీ బయటికి లాగారు. ఒక్క బిళ్ళ మిగిలింది."

"ఆయనదా?"

"ఆయనదే. 'మతిమరుపు మహారాజు ఎప్పట్లానే మర్చిపోయుంటాడు, ఎక్కడో తాగి పడుంటాడు' అన్నారు. లోపల మంటలు, వెంటనే మూసెయ్యాలన్నారు."

"మీరు చెప్పలేదా?"

"చెప్పలేదా! గొంతు పోయేదాకా అరిచాను. ఇంకొకడున్నాడు, ఇంకొకడున్నాడు అని. అడ్డంగా పడుకున్నాను. రెక్క పట్టి లాగేసి సిమెంటు పోశారు."

"అబ్బా..."

"ఆ తర్వాత ఏ బస్సు ఆగినా ఎక్కి అదే మాట చెప్పేదాన్ని. పిచ్చిదన్నారు. కండక్టర్లు వెటకారానికి ఈ స్టాపుని ఇంకొకడు అన్నారు. అదే ఊరికి అంటుకుంది. ఆయనకి సమాధి లేదు, గోడకి పెట్టుకోడానికి ఫోటో లేదు. కొత్తవాళ్ళెవరైనా ఈ బోర్డు చూసి ఇదేం పేరని అడుగుతారు. అప్పుడు చెప్తాను. నాకు మిగిలిందల్లా అదే. చెరపకు బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటనకండి. నా చేతుల్లో ఏముంది?"

"ఇవాళ్టికి ఆపు, చాలు. ఆఫీసువాళ్ళ సంగతి మా అబ్బాయి చూసుకుంటాడు. లారీ మీద వెళ్ళాడు, సాయంత్రానికి వస్తాడు. పొడుగ్గా ఉంటాడు, బుగ్గ మీద కాలిన మచ్చ. నువ్వే గుర్తుపడతావు."

"కాలిన మచ్చా?"

"చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డాడులే. గని గడప తొక్కనని నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. బంగారం నా కొడుకు. ఏంటి, అలా చూస్తావేం?"

"ఏం లేదు. ఎండగా ఉంది, ఇంటికెళ్ళండి."

"వాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"ఇంటికెళ్ళండి పెద్దమ్మా."

"ఎక్కడ చూశావు? చెప్పు!"

"గని ఆఫీసులో, పొద్దున. పనికి కుదిరినవాళ్ళ వరసలో."

"వాడు కాదు. లారీ మీద వెళ్ళాడని చెప్పానా? ఇంకెవరో అయ్యుంటారు."

"పేరు మార్చమని మొదట అడిగింది ఆఫీసువాళ్ళు కాదు పెద్దమ్మా, ఆ మచ్చ ఉన్న అబ్బాయే. రోజూ ఈ బోర్డు చూస్తూ లోపలికి దిగలేను, చెరిపించండి అని బతిమాలాడు."