ఎర్రనీళ్ళ కేక

అట్టా బండరాయి మాదిరి కూచుంటే ఎట్టయ్యా? మూతి మీద ఈగ వాలినా తోలుకోవు, పక్కన పెళ్ళాం మొత్తుకుంటన్నా తలతిప్పవు. ఇయాళ శుక్రవారం, తెలుసా నీకు? పొద్దెక్కేసరికి మీ అన్న పీర్ సాహెబ్, బండి కట్టుకుని వస్తాడు. నిన్ను దర్గాకి తోలుకపోయి, పిచ్చోళ్ళని కట్టేసే ఆ రాతి స్తంభానికి గొలుసేసి వస్తాడు. నన్నేమో వాళ్ళింటికి తీసకపోయి పేడకళ్ళెత్తిస్తాడు.

"వాడి నోట్లోంచి ఒక్క కేకొస్తే సరి, లేదా గొలుసే" అని నిన్న అందరి ముందరా తేల్చేశాడుగా. నువ్వూ విన్నావు. చెవులు బాగానే ఉన్నయ్ నీకు. నాకు తెలవదా?

ఒక్క కేకయ్యా! ఊరంతా నిన్ను కేకల ఖాసిం అనేవాళ్ళు. మీ తాత అరిచాడు, మీ నాయన అరిచాడు, ఆయన పోయినాక నువ్వు. ఈ బండమీద కూచుని పైనుంచొచ్చే నీళ్ళ రంగు చూసి నువ్వరిస్తేనే గదా, కింద రేవులో బండ్లు దిగేదీ ఆగేదీ! దానికేగా కల్లాల్లో ప్రతి రైతూ మనకి చేటెడు జొన్నలు పోసేది? పల్టన్లో చేరి బర్మా యుద్ధానికి పోయావు. పోయినోడివి పోయినట్టే ఉన్నా బాగుండేది! నోరొక్కటీ ఆడ పారేసి, తక్కిందంతా మోసుకొచ్చావు.

ఏంది, చురుక్కుమందా? అనాలనేగా అంటన్నా.

సరే, నేనే చెప్తా. తప్పు చెప్తే దిద్దు. పెళ్ళయిన కొత్తలో ఈ బండమీదే కూచోబెట్టి నువ్వు నేర్పిన పాఠమే. నేను మూడో తరగతి దాకా చదివాగా, బళ్ళో గంగా గోదావరీ చెప్పారు గానీ, మన జిల్లేళ్ళ వాగు యాడ పుట్టిందో ఎవరు చెప్పారు? నువ్వు చెప్తంటే, ఎవరో రాజకుమారుడు తన రాజ్యం చూపిస్తన్నట్టు ఉండేది నాకు. నవ్వకు. నవ్వవులే, నవ్వితే ఇంకేం కావాల?

అదిగో, మూడు వంకలూ కలిసే చోటు. ఎడంపక్కది సుద్దవంక. నాపరాళ్ళ మీద పాక్కుంటా వస్తది, అందుకే పల్చని మజ్జిగ మాదిరి తెల్లగుంటది. మోకాలు దాటదు. దాన్ని కొత్తకోడలనేవాడివి, గొంతెత్తదని. నడిమిది రేగడివంక. పత్తి చేలల్లో బురదంతా ఎత్తుకుని నల్లగా, నిదానంగా వస్తది. వచ్చిందంటే ఓ పట్టాన పోదు, బండి చక్రం దొరికితే వదలదు. దాన్ని అత్త అనేవాడివి. మీ అమ్మ వింటదేమోనని అటూ ఇటూ చూసి మరీ అనేవాడివి!

ఇంక కుడిపక్కది. చెప్పు, దాని పేరేంది? చెప్పవా?

ఎర్రవంక. అల్లంత దూరాన ఎర్రకొండ మీంచి దూకుద్ది. ఆడ వాన కురిస్తే ఈడ మనకి తెలవదు, ఎండ కాస్తానే ఉంటది. ముందు ఎండాకులూ మేకపెంటికలూ తేలతా వస్తయ్. ఆ వెనక నీళ్ళ మధ్యన ఎర్రగా ఒక చార. చార కనపడిందా, ఇంక ఆకూవక్కా నమిలేంత సేపే. గోడ కూలినట్టు వచ్చి పడద్ది. దీనికి ముద్దుపేరు లేదా అని అడిగితే, "దాన్ని పిలవకూడదు సైదాబీ, చూసి అరవాల, అంతే" అన్నావు.

ఎప్పుడో ధాత ఏటి కరువులో ఊళ్ళకి ఊళ్ళు ఈ ఇసకలోనే చెలమలు తవ్వుకుని బతికినయ్యంట. తరవాత ఎవరో దొర రేవు కాడ వంతెన కడతానని దిమ్మెలు లేపితే, ఎర్రవంక ఒక్క పూటలో ఊడ్చకపోయిందంట. ఊరు ఊరంతా అయ్యో అంటంటే, మీ తాత మటుకు ఇంటింటికీ బెల్లం పంచాడంట! వంతెనుంటే కేకతో ఏం పని? అట్టాంటి వంశమయ్యా మీది. పలనాటి యుద్ధంలో నాగులేరు నెత్తురుతో ఎర్రబడిందని కథ చెప్పుకుంటారు. మన వాగుకి యుద్ధాలెందుకు, ఏటా ఊరికినే ఎర్రబడతానే ఉంటది.

బర్మాలో ఏర్లు ఏ రంగయ్యా?

అదిగో! దవడ కదిలింది. ఏం చూశావు ఆడ? ఏ రంగు నీళ్ళొచ్చినయ్? అరిచావా? అరిచినా ఎవరూ ఇనలేదా? అందుకనా ఈ మౌనం?

మళ్ళా రాయే. ఛీ!

మీ అమ్మ పసుపుకొమ్ము కాల్చి మెడమీద వాత పెట్టింది, అబ్బా అని కూడా అనలా. సరిగా అంటలేదేమోనని రెండోది నేనే పెట్టా. అవును, నేనే. పక్కనే మొహం పెట్టి చూశా. కన్ను చెమర్చింది గానీ నోరు తెరవలా. కమురు వాసనకి నేను బయటికొచ్చి కక్కుకున్నా, నువ్వు మాత్రం కుదురుగా కూచున్నావు.

నేను నీ మొహాన్ని చూసి చేసుకోలేదయ్యా. దూది మూట నెత్తినెట్టుకుని అమ్మ వెనక రేవు దాటతన్నా. పైనుంచి "ఎర్రొచ్చే...య్!" అని ఒక గొంతు, కొండ గుండె చీల్చుకుని వచ్చినట్టు. ఒళ్ళు జల్లుమంది. ప్రాణభయం కాదు. ఆ గొంతు నన్నొక్కదాన్నే పిలిచిందనుకున్నా. నిలబడిపోయా. మూట నీళ్ళపాలైంది, ఒడ్డెక్కినాక అమ్మ వీపు పగలగొట్టింది. ఆ దెబ్బలు తింటా కూడా ఆ గొంతెవరిదా అనే చూస్తన్నా. అంత పిచ్చిదాన్ని నేను.

చూడు, ఎర్రకొండ మీద మబ్బు కుంగింది. ఆకులొస్తన్నయ్.

ఇంక నేను నీళ్ళల్లోకి దిగతన్నా.

ఊరికే బెదిరిస్తన్నా అనుకోమాక. ఇదిగో పాదాలు. ఇదిగో మోకాళ్ళు. నిజంగానే దిగా. మేకపెంటికలు కాళ్ళకి తగలతన్నయ్. ఇప్పుడరువు. నాకోసం ఒక్కసారరువు, పరిగెత్తుకుంటా వచ్చేస్తా. మీ అన్న బండి ఖాళీగా తిరిగిపోద్ది.

అదిగో చార. చూశావు! నీ కళ్ళు దానిమీదే ఉన్నయ్. చూసి నన్ను చూశావు. మళ్ళా దాన్ని చూశావు. నువ్వు మరిచిపోలేదు, నీకన్నీ తెలుసు!

అరువయ్యా! నడుం దాకా వచ్చినయ్. ఖాసిమూ! మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తన్నా, కోపం కూడా రాదా? ఖాసిమూ! కాళ్ళకింద ఇసక పోతంది... ఓరి దేవుడో... ఖాసి...

...థూ. నోరంతా మట్టి.

వావిలి కొమ్మ చేతికందింది గాబట్టి ఉన్నా. చేతులు చూడు, ఎట్టా చీరకపోయినయ్యో. నేను కొట్టకపోతంటే నువ్వు కూచున్నావు. లేవను కూడా లేవలా. ఇంక నీతో నాకు మాటల్లేవ్. రానీ మీ అన్నని, కట్టనీ గొలుసు. నేనే కొస పట్టుకుంటా.

అదిగో, మాటల్లోనే వచ్చాడు. అవతలొడ్డున, కింద రేవులోకి బండి దించుతన్నాడు. ఆడింకా తెల్లనీళ్ళే ఉన్నయ్, ఈ ఎర్రనీళ్ళ గోడ ఇంకా వంపు తిరగలా. ఆయనకేం తెలుసు పాపం! నేను అరవనుగాక అరవను. ఎందుకరవాల? దిగితే దిగనీ...

యా అల్లా!

ఏందది? నువ్వా? నీ గొంతే! "ఎర్రొచ్చే...య్! మైలగాడా, వెనక్కి! వెనక్కి తిరగరా మైలగాడా!" రాళ్ళు కూడా పలికినయ్. అదే గొంతు. బండి ఆగింది, ఎద్దులు మెడలు తిప్పి వెనక్కి లాక్కుంటన్నయ్. ఒడ్డెక్కినయ్. ఆ వెనకే రేవంతా ఎర్రగా...

మైలగాడు. దూడప్పుడు నువ్వు పాలుపట్టి పెంచిన ఎద్దు. దాని పేరు గుర్తుంది.

ఇటు చూడు. పోనీ అన్న కోసం అరిచానని చెప్పు, ఓర్చుకుంటా. చెప్పవు. మళ్ళా మూశావు. నీ కళ్ళు ఇంకా ఆ ఎద్దు మీదే ఉన్నయ్.

ఇన్నావా, మీ అన్న అవతలొడ్డెంట మనకెదురుగా ఉరికొచ్చి గంతులేస్తన్నాడు. "నోరొచ్చిందే సైదాబీ! ఇంక దర్గా లేదు, గిర్గా లేదు! రేపటినుంచీ కేక పని వాడిదే! నువ్వేందే అట్టా నిండా తడిశావు, కాలు జారిందా?" అని నవ్వుతన్నాడు.

అవును బావా, కాలు జారింది!

రేపటినుంచి కూచో ఈ బండమీద. దాటేటోళ్ళందరికీ అరువు, గొడ్డుకీ గోదకీ అరువు. నేను మటుకు ఇంకెప్పుడన్నా వాగు దాటాల్సొస్తే, నీ గొంతు అందని చోటికి, మూడు వంకలకీ పైకిపోయి దాటతా. నీళ్ళ రంగు నేనే చూసుకుంటా.

లెయ్యి. నీళ్ళు తీసినాక మీ అన్న మనింటికే వస్తాడంట, కోణ్ణి కొయ్యమంటన్నాడు.