పద్నాలుగో నంబరు డిస్కుకు సీలు వేయండి

నేను గుర్రాల అన్వేష్, తండ్రి యాదగిరి, వయసు ఇరవై నాలుగు, నివాసం శామీర్‌పేట. మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ సర్వర్ గదిలో సహాయకుణ్ణి. డిగ్రీ సగంలో ఆపాను. కార్మిక చట్టాలు కరపత్రాల్లో చదువుకున్నాను. ఎవరి బెదిరింపూ లేకుండా ఎస్ఐ గారి ముందు చెబుతున్నాను.

మార్చి 3న ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై మా తోటి కార్మికుడు సూరారం మల్లేష్ చనిపోయాడు. అలారం మోగలేదని కార్మికులం మేము, మోగిందని యాజమాన్యం. ఏది నిజమో గ్యాస్ మీటరు రికార్డు చెబుతుంది. అది పద్నాలుగో నంబరు డిస్కులో ఉంది. ఇంకెక్కడా లేదు.

మార్చి 11 ఉదయం 10.40కి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ సుప్రజ మేడం దాని నకలు కోసం వచ్చారు. నకలు మొదలై ఆగుతోంది, మొదలై ఆగుతోంది. 11.15కి నేను గదిలోకి వెళ్లాను. మా సీనియర్ జయకృష్ణ గారు కీబోర్డు ముందున్నారు. తెర మీద పద్నాలుగో నంబరు, దాని పక్కన తీసెయ్యమనే ఆదేశం.

"ఏం జేస్తున్నరు సార్?"

"పాత దారులు తీసేస్తున్నానయ్యా. చచ్చినవి."

"సచ్చింది మల్లేష్. గిది గూడ తుడిచేస్తవా?"

"డిస్కు కాదు బాబూ, దానికెళ్లే దారులు. నువ్వు బయటికెళ్లు. నీ కరపత్రాలు తర్వాత చదువుకుందువుగాని."

ర్యాక్ బిగించే ఇనుప పట్టీ తీసి ఆయన కుడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. భుజం మీద రెండుసార్లు కొట్టాను. ఆయన కింద పడ్డారు, ర్యాక్ అంచు తగిలి నుదురు చిట్లింది. అడ్డం రాలేదు, తిట్టలేదు. "కేబుల్ తొక్కకు, కేబుల్ తొక్కకు" అన్నారు. నెత్తురు కళ్లజోడు మీదికి కారుతున్నా అదే మాట. కేబుల్ మీద అంత ప్రేమ ఎందుకని దాన్నే కొట్టాను. రెండు కేబుళ్లు తెగాయి. రెండు పచ్చ దీపాలు ఆరిపోయాయి.

ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. స్ట్రెచర్ మీద ఆయనే చెప్పారు. సర్వర్ నుంచి ఆ డిస్కుకు నాలుగు దారులు, అంటే కేబుల్ కనెక్షన్లు. పోయిన నెల పాత యంత్రం తీసేసినప్పుడు రెండు పోయాయి, పేర్లు జాబితాలో మిగిలాయి. సర్వర్ మాటిమాటికీ వాటినే పిలిచి, జవాబు కోసం ఆగిపోతోంది. అవి తీసేస్తే నకలు పూర్తయ్యేది. మేడం కోసమే తీస్తున్నారు. బతికున్న రెండూ నేను తెంపినవే.

మేడం ఖాళీ చేతులతో వెళ్లారు.

ఆయన్ను కొట్టినందుకు ఏ శిక్షయినా వేయండి. కానీ ఇప్పుడు నాలుగు దారులూ చచ్చినట్టే కనిపిస్తాయి. రేపు ఎవరో వచ్చి ఆ డిస్కు ఎవరికీ అక్కర్లేదనుకుని తుడిచి, వేరే పనికి ఇచ్చేస్తారు. రూలు ప్రకారమే చేస్తారు. మల్లేష్ ఎలా పోయాడో ఆ డిస్కులో చెక్కుచెదరకుండా ఉంది. రెండో ర్యాక్, కింది నుంచి మూడో అర. ఈ రోజే సీలు వేయండి.

"ముందు కొట్టింది రాయనియ్యి, గా డిస్కు సంగతి తర్వాత జూద్దాం" అని ఎస్ఐ గారన్నారు. "గా సంగతి రాయకుంటే సంతకం జెయ్య" అన్నాను. రాశారు. మొత్తం చదివించుకుని విన్నాను. నేను చెప్పిందే ఉంది, చెప్పనిది లేదు, అంతా నిజం.

మార్చి 11, సాయంత్రం 4.50, మేడ్చల్.

(సం.) గుర్రాల అన్వేష్