రెండు కార్డుల డబ్బా

పలాసలో కొత్తగా తెరిచిన కిడ్నీ పరీక్షల కేంద్రం. లోపలి గదిలో ధనుంజయ్ సర్వరు డబ్బా విప్పుకుని నేలమీద చతికిలబడ్డాడు. పోలమ్మ గుమ్మం పట్టుకుని వదలడం లేదు.

"ఇదిగో అయిపోనాది అంటావు, మళ్లీ డబ్బా ఇప్పుతావు. ఏటి బాబూ, ఆడుకుంటన్నావేటి?"

"ఆట కాదు పోలమ్మత్తా. రెండో కార్డు ఎక్కిత్తన్నాను."

"రెండో కార్డా! మా ఇంట్లో రెండు రేసను కార్డులున్నాయనీసి ఒకటి లాక్కుపోనారు. దీన్ని అడిగేవోడు నేడేటి?"

"ఇది ఆ కార్డు కాదత్తా. తీగ గుచ్చే ముక్క. ఒకదానికి లేబులో కంప్యూటర్లు, రెండోదానికి టెలిఫోను లైను. ఆ లైను మీంచి విశాపట్నంలో పెద్ద డాక్టరు కుర్సీలోంచి నెగకుండా మన రిపోర్టులు సూత్తాడు."

"నెగకుండానే! డాక్టర్ని పంపండ్రా అని ఎండలో రోడ్డు మీద కూకున్నాం. లాఠీలు తిన్నాం. డాక్టర్ని పంపమంటే డబ్బాని పంపినారు."

"నా మీద అరిస్తే ఏటొత్తాది?"

"నువ్వే కదా దొరికినావు. ఆళ్ళు దొరుకుతారేటి?"

"సరే, అరుసుకో. తీగ మాత్రం తొక్కకు."

"నా మొగుడు రామూర్తి ఆ అరుగు మీద పడున్నాడు. గుక్కెడు నీళ్ళు పోసినా కక్కుతన్నాడు. పట్నంలో రక్తం కడిగే మిసను కాడ మంచం ఖాళీ అయినాదట. నిజమేనా?"

"నిజమే. ఒక్కటే మంచం. డాక్టరు భోజనానికి లేసే లోగా రిపోర్టులన్నీ సూసి, ఎవులిది మరీ సెడ్డగుంటే ఆళ్ళకి ఇచ్చేత్తాడు. మావ రిపోర్టు డబ్బాలో ఎక్కించీసినాను."

"మరి డాక్టరుకి ఎల్లనేదేటి?"

"అదే సూత్తన్నాను. ఆయన అడిగిన మాట ఈ కార్డులోంచి లోపలికొత్తంది. మన జవాబు ఆ కార్డులోంచి పోయి లేబులో పడిపోతంది. అడిగినోడికి అందటం నేదు."

"ఇందులో కొత్తేటుంది? మా అర్జీలన్నీ అలాగే పోనాయి. టెక్కలిలో ఇత్తే సికాకుళం ఎల్లమన్నారు. సికాకుళం ఎల్తే టెక్కలి ఎల్లమన్నారు."

"ఓర్నాయనో! ఉండత్తా, ఉండు. బయటికెళ్ళే దారి ఇదీ అని రెండు కార్డులకీ రాసేసినాను. ఒక్కదానికే రాయాల. లేబు కార్డుకి తీసేయాల."

"సదువుకున్నోడివి, దారి తెల్దేటి?"

"తెలుసు. బుర్ర పన్జెయ్యటం నేదు. అన్నం సయించదు, తల తిరుగుతంది."

"మొకం కూడా ఉబ్బినట్టుంది."

"నిద్ర నేదు."

"మీ మావా అలాగే అన్నాడు. నిద్ర నేదే, నిద్ర నేదే అని."

"ఎల్లి కూకో అత్తా."

"సెయ్యికి ఆ దూదేటి?"

"లేబులో రక్తం తీసే సుధమ్మ గుచ్చింది. కూకో అంటే ఇనవేం?"

"సెప్పులేవి మరి? ఉత్తికాళ్ళతో ఉన్నావు."

"బయట ఒగ్గేసినాను. దుమ్ము పడితే డబ్బా పాడైపోతాది."

"డబ్బాకి దుమ్ము పడకూడదు. మా కడుపులో ఏ నీళ్ళు పడినా పరవానేదు. నీదే ఊరు బాబూ?"

"పూండి అవతల."

"ఓలమ్మ! మావోడివే. మరి ముందే సెప్పవేం అల్లుడా? మీవీ కిడ్నీలు తినేసే బావి నీళ్ళేనా?"

"అందరివీ అవే. ఉండు, ఉండు. పోనాది! జవాబు బయటికి పోనాది! ఫోను మోగుతంది, నోరు మూసుకో."

"మూసుకున్నాను. నువ్వు ఎత్తు."

"నమస్తే సార్. కనిపిస్తున్నాయా? అన్నీనా? రామూర్తిది పైనే ఉంది సార్... ట్రయలా? అది పేషెంటు కాదు సార్. లైను పనిచేస్తోందో లేదో చూద్దామని పొద్దున్న ఒక... ఎంతుంది సార్? ... మళ్లీ చెప్పండి. ... లేదు సార్, మిషను తప్పు చూపించి ఉంటుంది. ... రెండుసార్లు చేసినా అంతేనా? ... అలాగే సార్."

"ఏటన్నాడల్లుడా?"

"అందినాదట."

"మంచం?"

"మావకి మందులు సెప్తాడట. సుధమ్మకి ఫోను సేత్తాడు."

"మందులు కాదు, మంచం అడిగినాను."

"ఇచ్చేసినాడు."

"ఎవులికి?"

"ట్రయలని రాసున్నోడికి. ఇయ్యేలే రైలెక్కించమన్నాడు. ఆడిదే అందర్లోకీ సెడ్డగుందట."

"ట్రయలా? అదేం పేరు, ఒరియావోడా? ఆడి మంచం ఇరిగిపోనూ! నా మొగుడి నోటికాడిది లాక్కున్నాడు! కొట్టేయ్ అల్లుడా, ఆడి పేరు కొట్టేయ్. డబ్బా నీ సేతిలోనే ఉంది కదా?"

"అరవకత్తా."

"ఎందుకరవను? పెళ్ళాం ఉందా ఆడికి?"

"నేదు. అమ్మ ఉంది."

"నీకెలాగ తెలుసు? ఏ ఊరోడు?"

"పూండి అవతలోడు."

"అయితే నీకు తెలిసినోడే! పద, సూపించు. ఎల్లి ఆడి కాళ్ళట్టుకుంటాను. ఈ పాలికి ఒగ్గేయ్ నాయనా అంటాను."

"ఎక్కడికీ ఎల్లక్కర్నేదత్తా, ఆ కాళ్ళు ఇయ్యే. దుమ్మనీసి నీకు అబద్దమాడినాను. పొద్దున్న ఉబ్బిపోయి సెప్పుల్లో పట్టనేదు."