డన్‌బార్ గారి పెద్ద బైబిలు

"అమ్మమ్మగారూ, ఈ పెద్ద బైబిల్ మొదటి పేజీ నిండా పేర్లు రాసున్నాయేంటండీ? డన్‌బార్ అంటే ఎవరు, దొరా?"

తీశావా? తియ్యాలనే కదమ్మా నీ చేతికిచ్చింది. కూర్చో సుజాతా. ఆ ఏసీ కాస్త తగ్గించు, మోకాళ్ళు పీకేస్తున్నాయి. ఆఁ, చాలు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ప్రార్థనకూటంలో పాటలు రాస్తుంటే చూశాను. నీతో చిన్న పని పడింది. ముందు విను మరి.

డన్‌బార్ మా ఆయన ఇంటిపేరు. దానియేలు డన్‌బార్. అస్కర్‌లో ఫ్యాక్టరీకి ఇరవయ్యేళ్ళు, కాదు కాదు, ఇరవై మూడేళ్ళు డ్యూటీకెళ్ళారు. నేను సల్మానియా ఆసుపత్రిలో నర్సుని, నీలాగే. మేం ఇండియా నుంచి ఈ గల్ఫ్‌కి, ఈ తుబ్లీకి వచ్చిన కొత్తలో ఆ కిటికీలోంచి సముద్రం కనపడేది తెలుసా? ఇప్పుడన్నీ షెడ్లే. అప్పట్లో ఒక్క దీనారు పట్టుకెళితే సంచీడు చేపలు... సరే, ఎటో పోతున్నాను.

ఆయన గొప్పంతా ఆ పేరే. కాలవలు తవ్వించిన స్కాట్లండ్ దొర కొడుకే మా తాత అనేవోరు. ఆ తాత యోహాను డన్‌బార్, మిషన్ బడిలో పంతులు. ఈ ఎండల్లో క్రిస్మస్‌కి గళ్ళ మఫ్లరు చుట్టుకుని గుడికొచ్చేవోరు ఈయన. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఒకటుందమ్మా. మనవాళ్ళెవరైనా కొత్తగా కలిస్తే ఏ ఊరు అంటారు, తర్వాత ఇంకో ప్రశ్న అడుగుతారు. మీరేవిట్లు అని. నీకు తెలియంది కాదు. డన్‌బార్ అనగానే ఆ రెండో ప్రశ్న ఆగిపోయేది. ఆ పేరు ఆయనకి గొడుగమ్మా.

ఫ్యాక్టరీలో ఓ స్కాట్లండ్ ఇంజినీరు ఉండేవాడు. మా స్కాట్లండ్ గుళ్ళల్లో పాత పుస్తకాలున్నాయి, ఎవరు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, అన్నీ రాసి ఉంటాయి, ఇప్పుడు కంప్యూటర్లో పెట్టారు చూసుకో అన్నాడట. ఇంకేముంది, రిటైరయ్యాక అదే పని. మా అమ్మాయి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేవోరు. ఆ రాతలు చూస్తే చీమలు పాకినట్టుండేవి. ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను చదివిపెట్టేదాన్ని. ముప్పయ్యేళ్ళు డాక్టర్ల రాతలు చదివిన కళ్ళు కదా నావి! "నువ్వు చదువు రూతూ, నువ్వు చదివితే అదే నిజం" అనేవోరు.

ఆ పుస్తకాల్లో ఒకటి నాకు భలే నచ్చేది. పిల్లాడి తల్లి పేరు రాస్తే పుట్టింటిపేరుతో సహా రాసేవాళ్ళు. పెళ్ళి కాకుండా కన్న పిల్లదైనా సరే, పేరు రాసేవాళ్ళు. తిట్టుకుంటూ రాశారేమో గానీ రాశారు. మా నాయనమ్మ పేరు నాకే తెలీదు, సోమాలమ్మో సూరమ్మో. చూశావా?

అలా వెతగ్గా వెతగ్గా ఒక జేమ్స్ డన్‌బార్ దొరికాడు. బాప్తిస్మం ఉంది, పెళ్ళి లేదు, చావు లేదు. ఇంకేం, ఇండియా వచ్చేశాడు, వీడే మా ముత్తాత అని ఈయన తీర్మానం! ఏ సముద్రంలో పడిపోయాడో పాపం ఆ జేమ్సు, ఎవడికి తెలుసు. ఒక్క ఆధారం కావాలి, తాత బాప్తిస్మం రాసిన పేజీ కావాలి అని, ఇండియాలో మా ఊరి పాస్టరు గారికి ఫోన్ల మీద ఫోన్లు.

ఈలోగా ఊపిరితిత్తులు పాడయ్యాయి. వార్డులో పడుకోబెట్టారు. నేను ఎందర్ని చూసుకోలేదు ఆ మంచాల మీద, ఈయన్ని చూడ్డం మాత్రం నా వల్ల కాలేదమ్మా. అప్పుడొచ్చింది నా ఫోనుకి, ఆ పేజీ ఫోటో.

చదివాను. సుమారు నాలుగేళ్ళ పిల్లవాడు, కరువులో దారి పక్కన దొరికాడు. పాత పేరు పోలయ్య. ఇక నుంచి యోహాను. స్కాట్లండ్‌లో డన్‌బార్ దొరసాని అని ఒకావిడ, వాళ్ళ గుడి వాళ్ళ చందాలు పోగుచేసి పంపేదట ఈ పిల్లాడి తిండికి. ఎవరు తిండి పెడితే వాళ్ళ పేరు. మిషన్లో ఆ రోజుల్లో అదే పద్ధతి. రక్తం లేదు, దొర లేడు, కాలవా లేదు. కులం గడి మాత్రం శుభ్రంగా నింపారు. ఆ రెండో ప్రశ్నకి జవాబన్నమాట. తండ్రి పోయాడని ఉంది. తల్లి పేరు దగ్గర, తెలియదు అని ఉంది.

ఆయన కళ్ళు తెరిచారు. "వచ్చిందా రూతూ? చదువు" అన్నారు.

ఏం చెయ్యను చెప్పు? "జేమ్స్ డన్‌బార్ కుమారుడు యోహాను" అని చదివేశాను. ఆయన నవ్వారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి. "పెద్ద బైబిలు తెప్పించు, నీ చేత్తోనే రాయి" అన్నారు. రాశాను. అదిగో, నువ్వు చూస్తున్నదే. నాలుగో రోజు వెళ్ళిపోయారు.

మనవాళ్ళు ఆ పేజీలో ఏం రాస్తారమ్మా? పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు. అబద్ధం ఎవరైనా రాస్తారా? నేను రాశాను. మా అమ్మాయికి తెలీదు. ఆయన కోసం ఆడాను గానీ, ఆ పోలయ్యని రెండోసారి దారి పక్కన వదిలేసింది నేనే. రాత్రీ పగలూ అదే బాధ. చెయ్యి వణుకుతోంది, లేకపోతే నేనే దిద్దుదును. ఇంకెన్నాళ్ళుంటానో, డాక్టరు కూడా పెద్దగా భరోసా ఇవ్వలేదులే.

పెన్ను తియ్యి. జేమ్స్ మీద గీత కొట్టెయ్. మెల్లిగా, కాగితం చిరుగుతుంది. యోహాను పక్కన, పోలయ్య అని రాయి. తండ్రి పోయాడని రాయి. తల్లి...

ఆగు, తెలియదు అని రాయకు. ఆ పేజీ రాసిన గుమాస్తా అడిగే ఉంటాడు, మీ అమ్మ పేరేంట్రా అని. నాలుగేళ్ళవాడు ఏం చెబుతాడు తల్లీ? అమ్మ అనే చెప్పుంటాడు. అదొక పేరు కాదనుకుని రాసుకోలేదు ఆ గుమాస్తా.

నువ్వు రాయి. తల్లి పేరు, అమ్మ.

ఆఁ. బాగా రాశావు. నీ కడుపు చల్లగా ఉండాలి, నీ పిల్లలకి నీ పేరు తెలిసి ఉండాలి. సిరా ఆరనీ, అప్పుడే మూయకు...